నీళ్ళలో వెలిగే దీపం

"నీ దీపం వెలగలేదు గదమ్మా. మళ్ళీ ఏ మొగం పెట్టుకుని వచ్చినావు?"

పాళెం పెద్ద గంగులయ్య ఆ మాట అందరి ముందూ అనేశాడు. సముద్రపొడ్డున ఇసకలో కూర్చున్న ఆడామగా అందరూ ఆమె వైపే చూశారు. ఆనందకుమారి తల దించుకుంది.

పక్కన నిలబడ్డ ఇన్‌స్పెక్టరు జయకుమార్ నివ్వెరపోయాడు. ఆమె దీపాన్ని పరీక్షించి రమ్మని చేపల శాఖ పంపితే, నెల్లూరు నుంచి జీపులో దారి పొడుగునా ఆమెతో వాదించి ఓడిపోయినవాడతను. ఆమె మద్రాసులో రసాయనశాస్త్రం చదివి, పెళ్ళీ పెటాకులూ లేకుండా పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని మందులు కలుపుకునే మనిషి. ప్రొఫెసర్లనే నోరెత్తనివ్వదని పేరు. అలాంటిది ఒక్క మాటకు తల దించుకుంటుందని అతను కలలో కూడా అనుకోలేదు.

సంగతి ఇదీ. సముద్రంలో తెప్ప బోల్తా పడితే ఒడ్డున ఉన్నవాళ్ళకు తెలిసే దారి లేదు. అందుకని ఆనందకుమారి ఒక రేకు డబ్బా తయారు చేసింది. మూత పీకి నీళ్ళలో వేస్తే చాలు, తడి తగిలి లోపలి మందు దానంతటదే మండుతుంది. మూడేళ్ళ కిందట, అరవై ఒకటిలో, మొట్టమొదటి డబ్బాను ఈ పాళెంలోని మాలకొండమ్మ ఒక్కగానొక్క కొడుకు చిన్నపోలయ్య ముచ్చటపడి తీసుకున్నాడు. ఆ వారమే గాలివానలో తెప్పతో సహా పోయాడు. ఒడ్డున ఎవరికీ ఏ దీపమూ కనబడలేదు.

"తప్పు నాదే పెద్దాయనా," అంది ఆనందకుమారి. "మందు పాళ్ళు కుదరలేదు. వెలగలేదు."

జయకుమార్ గొంతు తగ్గించాడు. "అట్ట ఒప్పుకోబాకండి మేడమ్. ఆ పిల్లోడే మూత తియ్యలేదేమో, ఎవరు చూడొచ్చినారు? మీ నోటితో మీరే అన్నాక నేను రిపోర్టులో రాయక తప్పదు. అప్పుడు దీపం మంజూరైనా మీ పేరు మీద ఉండదు. హైదరాబాదు ఆఫీసువాళ్ళు ఇంకెవరి చేతిలోనో పెడతారు."

"రాసుకోండి."

"మీ జీవితమంతా దీనికే పెట్టినారు గదా."

"రాసుకోమన్నా గదా."

చదువుకున్న ఆడవాళ్ళతో ఇదే చిక్కు అనుకున్నాడతను, తనూ నాలుగు ముక్కలు చదివినవాడేనన్న సంగతి మరిచిపోయి.

గంగులయ్య కొంచెం మెత్తబడ్డాడు. "దీపమొకటే అని కాదులేమ్మా. ఆ రాత్రే మంచిది కాదు. సముద్రం మీద దెయ్యం తిరిగింది. మాలకొండమ్మ ముందు చూసి తలుపులేసుకోండని కేకేసింది గాబట్టి సరిపోయింది. లేకుంటే ఇంకో నలుగురం పొయ్యుండేవాళ్ళం."

ఆనందకుమారి ఆ మాట విననట్టే సముద్రపు నీళ్ళు నింపిన గాబు దగ్గరకు నడిచింది. "మగవాళ్ళు వెనక్కి జరగండి. ఆడవాళ్ళు ముందుకు రండి."

"తెప్ప మీద పొయ్యేది మేము గదమ్మా," అని ఎవరో నవ్వారు.

"ఒడ్డున కాచుకోనుండేది వీళ్ళు."

పొద్దు గుంకుతోంది. ఆమె కొత్త డబ్బాను తీసుకెళ్ళి మాలకొండమ్మ చేతిలోనే పెట్టింది. ముసలిది దాన్ని తేలును చూసినట్టు చూసింది. మూత పీకి గాబులో పడేసింది. నీళ్ళు బుసబుసమన్నాయి. వెల్లుల్లి కంపుతో ఎర్రటి మంట లేచి నిలబడింది. పిల్లలు కేరింతలు కొట్టారు.

"ఎరుపు మందు ఖరీదు ఎక్కువ. తెలుపు చాలదా?" అన్నాడు జయకుమార్.

"ఎర్రగానే ఉండాల. బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగినదాన్ని. ఎర్ర దీపం చూస్తే రైలైనా ఆగాల్సిందే." ఆడవాళ్ళ వైపు తిరిగింది. "చూసినారా? నీళ్ళ మీద ఈ రంగు కనబడిందంటే అక్కడ మనిషి ఉన్నట్టు. ఇంకేమీ ఆలోచన చెయ్యబాకండి, పరిగెత్తండి." ఒక్కొక్కరి చేతా ఆ మాట చెప్పించింది.

మాలకొండమ్మ మాత్రం చెప్పలేదు. మంటనే చూస్తూ నిలబడింది. "ఇది ఆ పొద్దు ఎందుకు వెలగలేదమ్మా?"

"నా చేతకానితనం అక్కా."

"గాలి లేస్తే వాడి కేక ఇనబడతాది నాకు. నన్ను పిలిచుంటాడంటావా?"

"లేదు. అంత టైము ఉండుండదు."

"నీ చేతులు పడిపోను," అంది మాలకొండమ్మ. గుప్పెడు ఇసక తీసి ఆమె మొహాన కొట్టింది. "నా బిడ్డను మింగినావు గదే." ఆనందకుమారి కళ్ళు తుడుచుకుని అక్కడే నిలబడింది. మాలకొండమ్మ ఇంకో గుప్పెడు కొట్టింది. అప్పటికీ ఆమె కదలలేదు. ముసలిదానికి ఓపిక అయిపోయి, ఆమె భుజం మీదే తల వాల్చి భోరుమంది. ఇద్దరూ అలాగే కూలబడ్డారు.

జయకుమార్ చూడలేక జీపు దగ్గరకు వచ్చేశాడు. గంగులయ్య వెంట వచ్చాడు. డబ్బాలు తెప్పకొకటి తీసుకుంటామని చెప్పాడు.

"ఆ దెయ్యం ఎట్టుండె పెద్దాయనా?" మాట మార్చడానికి అడిగాడు జయకుమార్.

"కొరివిదెయ్యం ఎట్టుంటాదయ్యా? తెల్లగా మండతా, అలల మీద లేస్తా పడతా ఉండె. చానాసేపు అట్నే ఉండె. దాని దిక్కు పోతే మనిషి మిగలడు."

ఎంత అమాయకులో అని జయకుమార్ నవ్వుకున్నాడు. పెద్దాయన వెళ్ళాక, హైదరాబాదుకు పంపే నమూనా కోసం జీపులో ఉన్న ఆనందకుమారి పెట్టె తెరిచాడు. కొత్త డబ్బాల కింద గుడ్డలో చుట్టిన పాత డబ్బా ఒకటి తగిలింది. తుప్పు పట్టి ఉంది. డబ్బా చెవికి కట్టిన తెప్ప తాడు ముక్క, దానికి ఎండిన నాచు. పక్కన తెల్ల రంగుతో రాసిన చిన్నపోలయ్య పేరు ఇంకా చెరిగిపోలేదు. సముద్రం ఎక్కడో ఒడ్డుకు తోసి ఉంటుంది, అక్కణ్ణించి ఈమె చేతికి చేరి ఉంటుంది. మూత లేదు. అతను దాన్ని మిగిలిన కాస్త వెలుతురులోకి వంచి లోపలికి చూశాడు.

మందు అడుగుదాకా మండిపోయి ఉంది.