రాతి దీవిలో పుట్టినూరు

నీళ్లు వేడెక్కి చేపలు ఉత్తరానికి తరలిపోయాయి. సముద్రపు పిట్టలు కూడా వాటి వెంటే వెళ్లి ఒక రాతి దీవిలో గూళ్లు పెట్టుకున్నాయి. నురుగమ్మ అనే పిట్టకు మాత్రం అక్కడ గుడ్డు పెట్టడానికి మనసొప్పలేదు. పుట్టిన ఇసుకదిబ్బ మీదే బెంగ. ఉండబట్టలేక ఒకనాడు వెనక్కి ఎగిరింది.

ఖాళీ దిబ్బ మీద ముసలి తాబేలు ఒక్కటే కనిపించింది.

"ఇక్కడే గుడ్డు పెడతాను తాతా. ఇది మా అమ్మ ఊరు," అంది నురుగమ్మ.

"కాదు తల్లీ. నువ్వు కడుపున ఉండగా మీ అమ్మ దక్షిణం నుంచి వచ్చింది. తన ఊరు తలుచుకుని ఏడుస్తూనే నిన్ను పొదిగింది," అంది తాబేలు.

నురుగమ్మ ఆ ఇసుకకు కాసేపు పొట్ట ఆనించి పడుకుంది. తర్వాత ఉత్తరానికి ఎగిరిపోయి రాళ్ల మధ్య గుడ్డు పెట్టింది. బెంగ తీరలేదు. అయినా, బిడ్డకు ఇదే పుట్టినూరు కదా అని, చుట్టూ ఉన్న రాళ్లను ముక్కుతో మెల్లగా సర్దింది.