అవతలి ఒడ్డు వార్తలు

"అవతలి ఒడ్డున రొట్టెలాయన మేక నిన్న రెండు పిల్లల్ని ఈనింది."

రేడియో ఆ మాట అనగానే పశువుల డాక్టరు పడీ పడీ నవ్వాడు.

"మూడు నెలల కిందటే కదా ఈనిందన్నారు! ఏ మేకైనా ఈనాలంటే అయిదు నెలలు పడుతుంది. అది మేకా, ఇంకేమన్నానా?"

"మీరు మరీనండీ. అది సంతోషంగా ఉంది, ఉండనివ్వండి," అన్నాడు కండక్టరు.

గదిలో అందరూ నవ్వారు.

నీళ్లు ఊరిని ముంచేసి నాలుగేళ్లయింది. మిగిలింది ఈ మూడంతస్తుల బడి, అందులో పన్నెండు మంది. కింది అంతస్తు చేపలకి వదిలేసి, మధ్య అంతస్తులో కాపురాలు పెట్టుకున్నారు. పశువులు లేని డాక్టరు మనుషులకి మందులిస్తున్నాడు. బస్సు లేని కండక్టరు రోజూ సాయంత్రం అయిదింటికి విజిల్ ఊదుతాడు. అందరూ చేతిలో పని వదిలేసి దర్జీ అక్క గదిలో రేడియో చుట్టూ చేరతారు.

ఏడాదిగా ఒక మగగొంతు, గంభీరంగా, నింపాదిగా, అవతలి ఒడ్డున బతికున్న నలభైమంది కబుర్లు చెబుతోంది. ఎవరి రొట్టె పొంగింది, ఎవరి కిటికీకి కొత్త తెర వచ్చింది, ఎవరు ఎవరి మీద అలిగారు. ఉన్న చిన్న పడవతో దాటలేని దూరం అది. అయినా ఆ నలభైమందీ పక్కింటివాళ్లయిపోయారు.

పెద్ద వార్తలు ఎవరికీ అక్కర్లేదు. పెద్ద వార్తలన్నీ నాలుగేళ్ల కిందటే అయిపోయాయి.

రేడియో దగ్గరికి రానిది ఒక్కరే, మేడమీద గదిలో ఉండే ముసలాయన. కిందటేడు ఒక తలుపుచెక్క మీద ఎక్కడినుంచో కొట్టుకొచ్చాడు. మెడకి ఎప్పుడూ మఫ్లరు. మాట్లాడితే గుసగుసే. అందుకని గుసగుస తాత అని పేరు పెట్టారు. ఎదురు మాట్లాడడు కాబట్టి, గోడకి చెప్పుకున్నట్టు అందరూ తమ కష్టాలు ఆయనకి చెప్పుకునేవారు. ఆ మఫ్లరుకి చిరుగు కుడుతూ దర్జీ అక్క కూడా ఓసారి తన ఏడుపంతా ఏడ్చింది.

వార్తలు అయిపోయినా ఇంకా నవ్వులు ఆగలేదు, తాత బక్కెటు పట్టుకుని మెట్లు దిగాడు.

"తాతా, ఒక్కరోజూ వార్తలకి రావేం? అవతలివాళ్లంటే అంత చేదా?" అన్నాడు కండక్టరు.

"గొంతు బాగోదు నాయనా," అని గుసగుసలాడి వెళ్లిపోయాడు.

"వినడానికి గొంతెందుకో!" అంది దర్జీ అక్క, ఆయనకి వినబడేలాగే.

మర్నాడు రేడియో, "మొన్న ఈనింది పాత మేక కాదు, దాని చెల్లెలు," అని సర్దుకుంది.

డాక్టరు మీసం దువ్వుకున్నాడు. "చూశారా, నా మాట అవతలిదాకా వినబడింది!"

దర్జీ అక్కకి మేకలతో పనిలేదు. ఆమెది ఎదురుచూపు. చెల్లెలికి కుట్టుపని నేర్పింది తనే. ఆ పిల్లది ఎడమచేతివాటం. నీళ్లొచ్చిన రోజు ఆ చెయ్యి తన చేతిలోంచి జారిపోయింది. ఆర్నెల్ల కిందట, అవతలి ఒడ్డుకి ఎడమచేతివాటం దర్జీ ఒకామె చేరిందని రేడియో చెప్పింది. పేరు చెప్పలేదు. అక్కకి పేరు అక్కర్లేకపోయింది. ఆ రోజే లేచి తన మిషను దుమ్ము దులిపింది.

ఒక మధ్యాహ్నం తాత ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మాయీ, నీ దగ్గర ఇంకో బ్యాటరీ ఉందట కదా. ఇస్తావా?"

"ఎందుకు?"

తాత మఫ్లరు సర్దుకున్నాడు. "దీపానికి."

ఆమెకి ఒళ్లు మండింది. "దీపానికా? బస్సుల్లోంచి పీక్కొచ్చినవాటిలో ప్రాణమున్నది ఇదొక్కటే. రేడియోకి తగిలించింది ఇవాళో రేపో పోతుంది. ఇదీ నీకిస్తే మా చెల్లెలి కబురు నాకెవరు చెబుతారు?"

తాత రేడియో వంక చూసి నవ్వాడు.

"నిజమే తల్లీ. వినేవాళ్లకీ కావాలి కదా," అని మెట్లెక్కాడు.

ఆ సాయంత్రం విజిల్ మోగింది. రేడియోలో గరగర తప్ప ఏమీ రాలేదు. మర్నాడూ అంతే.

"మేకని వెక్కిరించామని అలిగారేమో," అన్నాడు కండక్టరు. ఎవరూ నవ్వలేదు. తాత కనబడటం లేదని కూడా ఎవరికీ తోచలేదు. అందరి చెవులూ రేడియో దగ్గరే ఉన్నాయి.

మూడోరోజు, మునిగిపోయిన బస్సు డిపో పక్కన బడి పడవ ఖాళీగా తేలుతూ కనిపించింది. డాక్టరూ కండక్టరూ కలిసి తాతని నీళ్లలోంచి తీశారు. ఆయన చేతిలో బ్యాటరీ విప్పే రెంచి ఇంకా ఉంది.

"ఈ వయసులో, ఓ దీపం కోసం!" అన్నాడు డాక్టరు.

దర్జీ అక్క తను ఇవ్వనన్న బ్యాటరీని చంకనెత్తుకుని మేడెక్కింది. ఒక్కపూటైనా ఆయన గదిలో ఆ దీపం వెలిగిద్దామనుకుంది.

గదిలో దీపం లేదు.

బల్లమీద ఒక మైకు ఉంది. వెనక తీగల గుత్తి, తీగల చివర చచ్చిపోయిన బ్యాటరీ. కుర్చీ వీపుకి మఫ్లరు, దానిమీద తన కుట్లు. రోజంతా ఆయన ఆ గొంతుని ఎందుకంత పొదుపుగా దాచుకున్నాడో ఆమెకి అర్థమైంది.

మైకు పక్కన కాగితాల కట్ట. ప్రతిదాని పైనా తేదీ, "అవతలి ఒడ్డు వార్తలు". ఒకదాంట్లో డాక్టరు నవ్విన మేక ఉంది, ఇంకోదాంట్లో దాని చెల్లెలు.

అన్నిటికంటే పైన, ఆయన బ్యాటరీ అడిగిన రోజున చదవాల్సిన కాగితంలో, "ఎడమచేతి దర్జీకి జ్వరం తగిలింది" అని రాసి, కొట్టేసి, "ఎడమచేతి దర్జీకి కొత్త మిషను దొరికింది, మొదటి జాకెట్టు వాళ్లక్కకే కుడుతోంది" అని దిద్ది ఉంది.