జాలీకి అంటుకున్న కాయితం

ఫిలింనగర్ గుట్ట మీదికి ఎక్కుడు రోడ్డు సగం ఎక్కేసరికి లైట్ల లారీ ముందునుంచి బుస్సుమని పొగ లేచింది.

"అయిపోయింది. నీ ఉద్యోగం అయిపోయింది," అంది మార్తమ్మ, జపమాల గుప్పిట్లో బిగించి.

"పొగ కాదమ్మా, ఆవిరి. బండి వేడెక్కింది, అంతే," అన్నాడు కొడుకు బాలశౌరి.

ఆ 'అంతే' అన్న మాటంటేనే ఆమెకు భయం. వాళ్ళ నాన్న పోయినప్పుడూ డాక్టరు ముందు రోజు 'జ్వరం, అంతే' అన్నాడు.

బాలశౌరికి ఈ బండి మీద ఇవాళే మొదటి రోజు. తొమ్మిదింటికల్లా షూటింగు దగ్గర లైట్లు దిగకపోతే ఓనరు ఊరుకోడు. బండి వేడెక్కుతోందనే పాత డ్రైవర్ని తీసేశాడు. నాలుగు నెలలు ఖాళీగా తిరిగితే దొరికిన సీటు ఇది. అందుకే యూసుఫ్‌గూడలో ఆమె కూడా బండెక్కింది. అమ్మని వెంటేసుకుని డ్యూటీకొచ్చే డ్రైవరు లోకంలో ఎవడూ ఉండడని వాడెంత మొత్తుకున్నా వినలేదు.

బాలశౌరి ఇంజను ఆపి, దిగి, బానెట్టెత్తాడు. రేడియేటరు మూత మీద గుడ్డ వేశాడు.

"తియ్యకు!"

రోడ్డు పక్కన రాతి మీద కూర్చున్న ముసలాయన ఒక్క ఉదుటున వచ్చి వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"నా బిడ్డ మీద చెయ్యేస్తావేంటయ్యా!" అంటూ మార్తమ్మ గబగబా దిగింది.

"వెయ్యకుంటే మొకం కాలుతుండె తల్లీ. మరిగే నీళ్ళు ఎగిరి పడ్తయి. జర సల్లబడనియ్యుండ్రి."

మాసిన చొక్కా, నెరిసిన గడ్డం. మార్తమ్మ టిఫిను డబ్బా చంకలోకి లాక్కుంది. అసలే సినిమా వాళ్ళ చోటు. ఎవరి వేషం ఎవరిదో ఎవరికి తెలుసు?

"ఎక్కడికి పోతున్నారు మీరు?"

"పైన యూనియన్ ఆఫీసుకమ్మా. ఒక అర్జీ ఇచ్చేదుంది. మా ఇల్లు బోరబండల. ఆడికెళ్ళి నడిసొస్తున్న. కాళ్ళు గుంజుతున్నయని కూసున్న."

బండి కాస్త చల్లబడ్డాక మళ్ళీ స్టార్ట్ చెయ్యమన్నాడు. జేబులోంచి మడత కాయితం తీసి రేడియేటరు జాలీకి ఆనించి వదిలాడు.

కాయితం జారి నేల మీద పడింది.

"సూసినవా బిడ్డా? ఫ్యాను తిరుగుతున్నది గని గాలి గుంజుతలేదు. గుంజితే కాయితం జాలీకి అంటుకుంటది. ఇగ బంద్ చెయ్యి."

ఇంజను ఆగాక ఫ్యాను బెల్టును బొటనవేలితో నొక్కాడు. మెత్తటి తాడులా లోపలికి దిగిపోయింది.

"వదులైంది. జారుతున్నది."

"అంతా ఆ పాత డ్రైవరు నిర్వాకం," అందుకుంది మార్తమ్మ. "జంగయ్యట. ఎక్కి తొక్కడమే గానీ బండిని పట్టించుకున్న పాపాన పోలేదు. ఇప్పుడది నా బిడ్డ మెడకు చుట్టుకుంది. ఈ పని పోతే మావాడికి మళ్ళీ స్టీరింగ్ ఎవరిస్తారు? ఆ జంగయ్య బాగుపడడు!"

ముసలాయన చెయ్యి బెల్టు మీదే కాసేపు ఆగింది.

"కొత్త బెల్టు ఎయ్యాలని ఓనరుకు చెప్పిండేమోనమ్మా. డ్రైవర్ మాట ఎవరింటరు?"

"మీకు తెలీదులెండి అలాంటి వాళ్ళ సంగతి."

"గంతేలే తల్లీ."

సీటు కింద చెయ్యి పెట్టి, చూడకుండానే గుడ్డలో చుట్టిన పానా లాగాడు. డైనమో బోల్టు వదులు చేసి, బలమంతా పెట్టి దాన్ని బయటికి నెట్టి, బెల్టు బిగిశాక బోల్టు మళ్ళీ బిగించాడు. వగర్చుకుంటూ బంపర్ మీద కూర్చున్నాడు.

"వారం పది దినాలొస్తది. కొత్తదానికోసం ఓనర్ని అందరి ముంగట అడుగు బిడ్డా. ఒక్కనివే అడిగితే రేపు తప్పు నీ మీదికే వస్తది."

మార్తమ్మ బండిలో ఉన్న నీళ్ళ డబ్బా అందించింది. ఆయన మెల్లగా రేడియేటరు నింపి, మూత బిగించాడు. బండి స్టార్టయింది.

"ఇప్పుడు నువ్వు పెట్టు తల్లీ," అంటూ కిందపడ్డ కాయితం తీసి అందించాడు.

ఆమె కాయితాన్ని జాలీకి ఆనించింది. అది చంటిబిడ్డలా అతుక్కుపోయింది.

"రోజూ పొద్దుగాల గిట్లనే సూడుండ్రి. అంటుకుంటే ఫికర్ లేదు. జారిందంటే మాత్రం ఎక్కుడు ఎక్కకుండ్రి."

"మరి మీ కాయితం?"

ఆయన బాలశౌరి వైపు ఒకసారి చూశాడు.

"ఉంచుకోండ్రి. నాకు ఇగ అక్కర లేదు."

చేతులు చొక్కాకి తుడుచుకుని, కాళ్ళీడ్చుకుంటూ బోరబండ దిక్కు దిగిపోయాడు.

"ఆఫీసు పైనన్నాడు, కిందికి పోతున్నాడేంటి? ఏదన్నా కొట్టేశాడేమో చూడరా!" అంది మార్తమ్మ.

పానా గుడ్డలో చుట్టి, సీటు కింద దాని చోట్లోనే ఉంది.

తొమ్మిదికి పది నిమిషాలుండగా లైట్లు దిగాయి. ఓనరు ఏమీ అనలేదు. అప్పుడు గానీ మార్తమ్మకు ఊపిరాడలేదు. టిఫిను డబ్బా మూత తీసింది. ఆరు ఇడ్లీలు. బోరబండ నుంచి నడిచొచ్చిన మనిషిని ఒక్కటి తినమని అడగలేదే అనిపించింది. బండికి నీళ్ళిచ్చింది గానీ ఆయనకు గుక్కెడు ఇవ్వలేదు.

రేపటికి జాగ్రత్త చేద్దామని కాయితం మడత విప్పింది. ఐదో తరగతి చదువు. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది.

'డ్రైవరు జంగయ్యకు, అశ్రద్ధగా నడిపి ఇంజను వేడెక్కిస్తున్నందున నిన్ను పనిలోంచి తీసేశాను. అభ్యంతరముంటే ఈ కాగితం చూపించి యూనియన్‌లో చెప్పుకో.'