ఊరి చిల్లర

సైనికులు పొయ్యి కింద తవ్వేసరికి మట్టి అచ్చులు బయటపడ్డాయి. ఒక్కొక్క దానిలో గోరంత చక్రవర్తి ముఖం.

"ఈ దొంగ నాణేలు ఎవడు పోశాడు?" అన్నాడు దళపతి.

రోము నుంచి చిల్లర రావడం మానేసి ఏళ్లయింది. ఉప్పుకైనా రొట్టెకైనా రోము ఏలే గాల్ దేశంలో, సోమ్ నది ఒడ్డున ఆ ఊళ్లో చెల్లుతున్నవి ఈ రాగి బిళ్లలే.

కమ్మరి తస్గిల్లు మోకాళ్ల మీద పడ్డాడు. "నేను కాదు దొరా! నా బిడ్డల మీద ఒట్టు."

"నీ ఇంట్లో, నీ పొయ్యి కింద దొరికాయిరా. నువ్వు కాకపోతే ఇంకెవరు?"

తస్గిల్లు నోరు తెరిచాడు. గుమ్మంలో నిలబడ్డ భార్య బనోనను చూసి మళ్లీ మూసుకున్నాడు.

దళపతి జనం వైపు తిరిగాడు. "మీలో ఎవరైనా చూశారా?"

ముందుగా రొట్టెలమ్మే ఆమె చెయ్యెత్తింది. "వీడే అయ్యా. నా కళ్లతో చూశాను." ఆ వెనక ఉప్పువాడు, చేపలవాడు, చివరికి ఊరంతా "వీడే, వీడే" అంది. బనోన తల వంచుకుంది. కాదనలేదు.

పట్నంలో మృగాలకు వెయ్యడానికి అతన్ని బండికి కట్టి తీసుకుపోయారు. మలుపు తిరిగేదాకా అతను ఆమెనే చూస్తూ పోయాడు.

బండి దుమ్ము అణగకముందే రొట్టెలామె బనోన భుజం మీద చెయ్యి వేసింది.

"ఏడవకే తల్లీ. కమ్మరి పోతే పక్కూరి నుంచి ఇంకొకణ్ణి తెచ్చుకుంటాం. నువ్వే పోతే మాకు నాణేలు ఎవరు పోస్తారు చెప్పు? సంత నాటికి అందుతాయా?"

"అందుతాయి" అంది బనోన.