తలుపు చాటు పరీక్ష

మన్మథరావు మెట్రిక్ మళ్లీ తప్పాడని తెలిసినప్పుడు రాయగడ బజారులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. పాసై ఉంటే ఆశ్చర్యపోయేవారు.

పుస్తకం తెరిస్తే చాలు, ఎక్కడలేని నిద్రా ముంచుకొచ్చేది. తండ్రి తిట్టాడు, కొట్టాడు, చివరికి బతిమాలాడు. తల్లి సరస్వతి ఆకు నూరి పరగడుపున మింగించింది. ఊరి దేవత మజ్జిగౌరమ్మకు మొక్కుకుంది. తెలుగు బడులు ఒక్కటొక్కటిగా ఒడియాకి మారిపోతున్న రోజులు కాబట్టి ఒడియా మాస్టారి దగ్గర ప్రైవేటు కూడా పెట్టించారు. మాస్టారు పాఠం చెబుతుంటే కుర్రాడు కళ్లు తెరుచుకునే నిద్రపోవడం నేర్చుకున్నాడు. ఒడియా మాత్రం రాలేదు.

ఇక లాభం లేదు, బట్టల కొట్లో కూర్చోబెడదామన్నాడు తండ్రి. మన్మథరావుకు కావలసిందీ అదే. కొట్లో కూర్చోవడం, మేనమామ కూతురు రామతులసిని పెళ్లి చేసుకోవడం, ఈ రెండూ జరిగితే ఇంక దేవుణ్ణి ఏమీ అడగనవసరం లేదని అతని లెక్క.

మేనమామ అప్పలనరసింహానికి పక్క వీధిలోనే చింతపండు, వలిసె నూనెగింజల టోకు వ్యాపారం. రామతులసి ఆయనకు ఒక్కగానొక్క కూతురు. పిల్ల ఉయ్యాలలో ఉండగానే మన్మథరావు పెళ్లాం అనేసుకున్నారు పెద్దలు. ఈడేరగానే బడి మాన్పించారు. కొన్నాళ్లు అన్నం ముట్టకుండా మొండికేసింది. తరవాత వంటా వార్పూలో పడి సర్దుకుంది.

తీరా ముహూర్తం మాట ఎత్తేసరికి ఆ పిల్ల తండ్రితో కబురు పంపింది. బావ మెట్రిక్ పాసైతేనే చేసుకుంటుందట. లేకపోతే అసలు పెళ్లే చేసుకోదట.

మన్మథరావు గుండెల్లో రాయి పడింది. మేనరికం కాదనే మరదలు ఉంటుందని అతను కలలో కూడా అనుకోలేదు. ఆ సాయంత్రమే వెళ్లి మామయ్య ఇంటి అరుగు మీద కూలబడ్డాడు. పెళ్లీడుకొచ్చిన పిల్ల బావ ఎదటపడకూడదు. అందుకని రామతులసి తలుపు ఓరగా వేసి, వెనకాల నిలబడి మాట్లాడింది.

“నాకు సదువు రాదు తులసీ. ఎంతసేపు కూకున్నా బుర్రకెక్కదు,” అన్నాడు దీనంగా.

“ఎక్కుతాది. రోజూ ఏ పాఠం సదివితే అది సాయంత్రం ఇక్కడ కూకోని నాకు సెప్పు. నాకు తెలిసేలాగ సెప్పగలిగేవంటే నీకొచ్చినట్టే.”

మర్నాటినుంచి అతను మనిషే మారిపోయాడు. దీపాలు పెట్టకముందే అరుగు మీద హాజరు. తలుపు సందులోంచి ప్రశ్నలు వచ్చిపడేవి. ఆ రాజు ఎందుకు ఓడిపోయాడు? ఈ లెక్క ఇలాగే ఎందుకు చెయ్యాలి, ఇంకోలా ఎందుకు కాదు? జవాబు తెలియక నీళ్లు నమిలితే తలుపు మూసుకుపోయేది. తలుపు మూసుకుపోయిన రోజు అతనికి అన్నం సహించేది కాదు. దాంతో పగలే పాఠం అంతా తిరగేసి, అర్థంకానిది మాస్టారింటికి పరుగెత్తి అడిగొచ్చేవాడు. కుర్రాడికి ఒంట్లో బాగోలేదేమోనని మాస్టారు కంగారుపడ్డాడు.

ఒడియా దగ్గర మరీ పట్టుపట్టింది రామతులసి. ఏమీ రానివాళ్లకి చెప్పినట్టు మొదటి అక్షరంనుంచీ చెప్పమంది. అతను పలక మీద రాసి తలుపు సందులోంచి లోపలికి తోసేవాడు. కాసేపటికి పలక బయటికొచ్చేది. దాన్ని పట్టుకున్న ఆ నాలుగు వేళ్లు చూడటం కోసం ఎంత మెలికల అక్షరమైనా తప్పులేకుండా రాసేవాడు.

పాఠం అయ్యాక పుస్తకం ఇంటికి పట్టుకెళ్లనిచ్చేది కాదు. “నీకాడుంటే సూసి సెప్పేస్తావు,” అనేది. పొద్దున్నే అత్తయ్య కోటేశ్వరమ్మ తెచ్చి ఇచ్చేది. బజారులో కుర్రాళ్లు మాస్టారుగారి శిష్యుడు పోయి మరదలుగారి శిష్యుడొచ్చాడని ఏడిపించేవారు. కట్టుకోబోయేది ఇంత శ్రద్ధ పెడితే ఏ మొద్దుకైనా చదువొస్తుందని మన్మథరావు మురిసిపోతూ జవాబు చెప్పేవాడు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. రామతులసి తల్లిని వెంటబెట్టుకుని పర్లాకిమిడిలో అమ్మమ్మ ఇంటికి వెళ్లిపోయింది. తానిక్కడే ఉంటే బావ మనసు పుస్తకం మీద నిలవదని వెళ్లిందనుకున్నాడు మన్మథరావు. ఆ త్యాగానికి అతని కళ్లు చెమర్చాయి. ఆ ఊపులోనే పరీక్షలు రాసేశాడు.

పరీక్షలయ్యాక తల్లీకూతుళ్లు తిరిగొచ్చారు. ఫలితాలొచ్చాయి. థర్డ్ క్లాసే, అయినా పాసయ్యాడు. తండ్రి నమ్మలేక వెళ్లి మాస్టారి నోట కూడా విని వచ్చాడు.

మన్మథరావు చెప్పులైనా వేసుకోకుండా మామయ్య ఇంటికి పరుగెత్తాడు. అప్పటికే అక్కడ అప్పలనరసింహం వీధిన పోయేవాళ్లని పేరుపేరునా పిలిచి మిఠాయి పంచుతున్నాడు. కబురు తనకన్నా ముందే చేరిపోయిందన్నమాట. మామయ్యకు తన మీద ఇంత ప్రేమ ఉందని అతనికి ఆ రోజే తెలిసింది. అత్తయ్య ఎదురొచ్చి నోట్లో లడ్డూ కుక్కింది. అది మింగుతూనే అరుగెక్కి తలుపు దగ్గరికి వెళ్లాడు.

“పాసయ్యేను తులసీ,” అన్నాడు. “ఇంక ముహూర్తం ఎట్టించమను.”

ఎప్పుడూ ఓరగా ఉండే తలుపు బార్లా తెరుచుకుంది. రామతులసి గడప దాటి వచ్చి, మొదటిసారిగా బావ ఎదట నిలబడింది.

“నేను కూడా పర్లాకిమిడిలో ప్రైవేటుగా రాసి మెట్రిక్ పాసయ్యేను బావా, ముహూర్తం బీయే అయినాక ఎట్టుకుందాం గానీ, కాలేజీ పుస్తకాలు కొన్నరోజే ఇటు పట్టుకొచ్చీ.”