జోడీని వదలకూడదు

దొర మొరాయించాడు.

దొర అంటే కుక్క. తను కూర్చుంటే లోకమంతా ఆగాలనుకునే రకం. కొండ మొదట్లో, సిమెంటు బెంచీ ముందు చతికిలబడ్డాడు. ఎంత లాగినా లేవడే!

"నా పరువు తియ్యకురా," అంది టైలరమ్మ గొలుసు గుంజుతూ.

బెంచీ మీద మంకీ క్యాప్ పెట్టుకున్న ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. దొర వెళ్లి ఆయన మోకాలి మీద గడ్డం ఆనించాడు. బిస్కెట్ పెట్టే చేతిని కూడా అనుమానంగా చూసే కుక్క!

"వచ్చారా అమ్మా!" అంటూ ఆయన మెల్లగా లేచాడు. "మీవారు..."

"మావారి ఊసెత్తకండి. మీకో దణ్ణం," అంది టైలరమ్మ చటుక్కున.

ఆయన అనబోయిన మాట మింగేసి, సంచి భుజాన తగిలించుకున్నాడు.

ఆమె బాధ ఆమెది. భర్త పోయి ఏడాది దాటింది. షాపుకు బట్టలు తెచ్చిన ప్రతివాళ్లూ కొలతలిస్తూనే ఓదార్చేవాళ్లు. ఆయన ముఖం కూడా చూడనివాళ్లు 'ఎంత మంచి మనిషో!' అనేవాళ్లు. వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి.

చలికాలం వచ్చిందంటే ఆదివారం పొద్దున్నే దొరను తీసుకుని భర్త ఈ కొండ నడకకు వచ్చేవాడు.

"ఈ వారమైనా రారాదూ?" అని అడిగేవాడు.

"నేనొస్తే ఈ గుడ్డలన్నీ మీరు కుడతారా?" అనేది.

ఆయన నవ్వేసి వెళ్లిపోయేవాడు. మళ్లీ వారం మళ్లీ అడిగేవాడు. ఇప్పుడు అడిగేవాడు లేడు. గుడ్డలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆమెను ఒకే ప్రశ్న తొలిచేస్తోంది. తను రానన్నందుకు ఆయన ఇన్నేళ్లూ ఈ మంచులో ఒంటరిగా తిరిగాడా? అది తెలుసుకోవడానికే ఇవాళ షాపు మూసి వచ్చింది.

గైడమ్మాయి ఈల ఊదింది.

"జంటలు, నేస్తాలు, కుక్కలు, అందరూ వచ్చారా? ఇక్కడ ఒకటే రూలు. ఒంటరిగా ఎవరూ ఎక్కకూడదు. మళ్లీ కిందికొచ్చేదాకా జోడీని వదలకూడదు. ఆంటీ, మీరు పెద్దాయనతో వెళ్లండి. ఆయన్ని మించిన జోడీ దొరకడు."

టైలరమ్మ గుండె ఝల్లుమంది. అంటే మావారికీ ఓ జోడీ ఉండేవాడన్నమాట!

"అమ్మాయ్, మావారికి..."

అంతలోనే రెండు కుక్కలు కలియబడ్డాయి. గైడమ్మాయి అటు పరుగెత్తింది.

సరే, నేనే కనుక్కుంటాను అనుకుంది టైలరమ్మ. అందరికంటే ముందు ఎర్ర స్వెట్టరు మనిషి ఒకాయన పెద్దగా నవ్వుతూ, అందరినీ పలకరిస్తూ నడుస్తున్నాడు. మావారికి కబుర్లంటే ప్రాణం. ఆయన జోడీ ఈయనే అయ్యుంటాడు!

పెద్దాయనదేమో నత్తనడక. అడుగుకో నిట్టూర్పు.

"మీరు నిదానంగా రండి. నేను ముందు పోతాను."

"జోడీని వదలకూడదమ్మా."

"దొర ఉన్నాడుగా మీకు తోడు!"

దొర నిజంగానే ఆయన పక్క నుంచి కదల్లేదు. ఆమె పమిట దోపుకుని హడావుడిగా పైకి ఎక్కేసింది.

"మీవారా? నేను రావడం ఇదే మొదటిసారండీ," అన్నాడు ఎర్ర స్వెట్టరు.

జంటలనడిగింది. నేస్తాలనడిగింది. అందరూ ఎరగమన్నారు.

కొండకొమ్మున కూలబడింది. ఎదురుగా మంచు తప్ప ఏమీ లేదు. ఇది చూడ్డానికా నన్ను అన్నిసార్లు పిలిచారు? ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వచ్చి మీ పక్కన కూర్చుంటే నా సొమ్మేం పోయింది?

పెద్దాయన చేరేసరికి మిగతావాళ్లు దిగడం మొదలుపెట్టారు.

"అక్కడ కాదమ్మా. ఈ రాయి మీద కూర్చోండి."

వాదించే ఓపిక లేక వెళ్లి కూర్చుంది. ఆయన సంచిలోంచి ఫ్లాస్కు, రెండు గ్లాసులు తీశాడు.

"టీ తాగండి. చక్కెర ఎక్కువే."

"మా ఇంట్లో చక్కెర వాడం."

"తెలుసమ్మా," అని నవ్వాడు.

ఆమె మనసు ఇక్కడ ఉంటేగా! తీపి గొంతు దిగుతుంటే కళ్లు నిండాయి. ఆయన ఓదార్చలేదు. అంతవరకు నయం.

కాసేపటికి మంచు విడింది. కింద ఊరు, ఇళ్ల కప్పులు. వాటి మధ్య ఆకుపచ్చ రేకులు.

"అరే! అది నా షాపు!"

"ఈ రాయి మీద నుంచే కనిపిస్తుంది," అన్నాడు పెద్దాయన.

మావారికి ఈ రాయి తెలుసో లేదో, అనుకుని కుమిలిపోయింది టైలరమ్మ.

దిగేటప్పుడు మాత్రం పెద్దాయన్ని వదల్లేదు. కిందికొచ్చేసరికి బస్సు సిద్ధంగా ఉంది. ఆయన దొర చెవులు నిమిరాడు.

"ఇక రానమ్మా. నా పని అయిపోయింది," అన్నాడు గైడమ్మాయితో, బస్సెక్కుతూ.

దొర బస్సు వెనకాల పరుగెత్తాడు. బస్సు మలుపు తిరిగింది.

"ఆంటీ, ఇందాక ఏదో అడగబోయారు?"

"మావారి జోడీ ఎవరా అని. ఇంకెందుకులే. పాపం, ఒంటరిగానే ఎక్కుంటారు."

గైడమ్మాయి తెల్లబోయింది.

"మీకు తెలుసనుకున్నానే! అయ్యో, ఆ పెద్దాయన ఊరేదో కూడా మాకెవరికీ తెలీదాంటీ. మీవారి జోడీ ఆయనే. 'నేను లేకపోయినా ఏదో ఒక ఆదివారం మా ఆవిడ వస్తుంది, ఆ రాయి దాకా నువ్వే తీసుకెళ్లాలి' అని మీవారు మాట తీసుకున్నారట, అందుకే మోకాళ్లు పోయి కొండెక్కడం మానేసినా, ఆ బెంచీ మీద వారం వారం మీ కోసమే కూర్చున్నారు."