ప్రాణం గడి

తెర వెలిగించగానే రఘుపతి గుండెల్లో రాయి పడింది.

భోజనానికి వెళ్లేముందు ఆటలో వాడకుండా అట్టే పెట్టిన అయిదు పాయింట్లు ఉండవలసిన చోట లేవు. అయిదూ వెళ్లి 'ప్రాణం' గడిలో కూర్చున్నాయి. అక్కడ పెట్టింది అతను కాదు. నిన్న కూడా ఇలాగే జరిగింది. నిన్నయితే పొరపాటున తనే నొక్కి ఉంటానని సరిపెట్టుకున్నాడు. ఇవాళ అలా సరిపెట్టుకోవడానికి మనసు ఒప్పలేదు.

జడ్చర్ల బస్టాండు వెనక, మేడమీద ఉన్న ఆ కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేది రఘుపతి ఒక్కడే. ఓనరు ఖమర్ సాబ్ హైదరాబాద్‌లో ఉంటాడు. చెప్పాపెట్టకుండా ఊడిపడుతుంటాడు. "మిషన్ల మీద ఆటలు కనవడ్డయంటె ఆనాడే ఇంటికి పోవుడు" అని కొలువులో చేర్చుకున్న రోజే చెప్పాడు. ఇంతకు ముందున్న మాస్టారు అలాగే ఇంటికి పోయాడు. ఊళ్లో అందరి చేతా మాటలు పడుతూ ఖాళీగా తిరిగి, చివరికి సంపాదించుకున్న కొలువిది. పోతే మళ్లీ దొరకదు.

మరి ఆడటం దేనికంటారా? రుచి మరిగిన పిల్లి ఉట్టి కింద నుంచి లేస్తుందా?

ఆ ఆటలో వీరుడు ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా అయిదు పాయింట్లు వస్తాయి. బలం, చురుకు, మంత్రం, ప్రాణం అని నాలుగు గడులుంటాయి. ఎందులో వేస్తే వాడు అలాంటివాడవుతాడు. ఒకసారి వేసింది వెనక్కి రాదు. మొదటి భాగంలో రఘుపతి అన్నీ బలంలోనే గుమ్మరించాడు. కర్రున్నవాడిదే బర్రె అన్నట్టు, వేటుకొక రాక్షసుణ్ణి కూల్చి ఆట ముగించాడు.

రెండో భాగంలోనూ అదే దారి పట్టాడు. కానీ దీన్ని తయారుచేసినవాళ్లు ఘటికులు. ఇతను కత్తి ఎత్తేలోపే అవతలివాడు కొడుతున్నాడు. పైగా ఇందులో వీరుడు చస్తే చచ్చినట్టే. ఇన్నాళ్ల కష్టమూ గాలికి పోతుంది.

రఘుపతి బయటికొచ్చాడు. గుమ్మం పక్కన బల్ల మీద తండ్రి యాదగిరి బీడీ కాలుస్తున్నాడు. తాటిచెట్టు మీంచి పడి నడుం దెబ్బతిన్న నాటి నుంచి ఆయనకు ఇంట్లో పొద్దుపోదు. కొడుకు అన్నానికి వెళ్లినప్పుడు కాపలా ఉంటాడు. తక్కిన వేళల్లో అద్దాల తలుపుకు ఆనుకుని కూర్చుంటాడు. కొడుకుతో మాటలు తక్కువ. ఆ కంప్యూటర్ డబ్బాలు ముట్టుకుంటే షాక్ కొడతాయని ఊరందరికీ చెబుతుంటాడు.

"బాపూ, నేను లేనప్పుడు ఎవలన్న వచ్చిన్రా?"

"ఎవలొస్తరు? నేనీడ్నే కూసున్న గద."

"ఖమర్ సాబ్ గిట్ల..."

"చీమ గూడ రాలే."

రఘుపతి లోపలికి తిరిగి చూశాడు. వెనక తలుపు తాళంచెవి ఒకటి ఖమర్ సాబ్ దగ్గరుంది. ఆయన ఆ దారిన వచ్చి చూసి పోతున్నాడా? ఉద్యోగం పీకేముందు, పిల్లి ఎలుకతో ఆడినట్టు ఆడుకుంటున్నాడా?

కింద ఎస్టీడీ బూత్ నడిపే లతీఫ్‌తో మొర పెట్టుకుంటే వాడు పగలబడి నవ్వాడు.

"రెండువేల సంవత్సరం రాంగనే కంప్యూటర్లకు పిచ్చి లేస్తదంటున్నరు గద. నీదానికి జర ముందుగాల్నే లేసినట్టుంది!"

"నవ్వకు భాయ్. మనిషి రాలే. పాయింట్లు మాత్రం పడుతున్నయి."

"అయితే జిన్ను. కానీ తెలివిగల్ల జిన్ను. బతికుంటె బలుసాకు తినొచ్చని దానికి తెల్సు."

ఆ సాయంత్రం రఘుపతి తన వీరుణ్ణి కొమ్ముల రాక్షసుడి గుహలోకి దించాడు. మొదటి దెబ్బకే వీరుడు నేల మీద పడ్డాడు. ప్రాణం ఎంతుందో చూపే ఎర్రగీత సన్నని దారమంత మిగిలింది. ఎలాగో లేచి బయటపడ్డాడు. ఎవరో వేసి పోయిన ఆ పాయింట్లే లేకపోతే అక్కడే అయిపోయేవాడు. ఆ సంగతి తట్టేసరికి రఘుపతికి సంతోషం కలగలేదు, భయం వేసింది. ఎవరో తన ఆటంతా వెనక నిలబడి చూస్తున్నారు.

మర్నాడు మధ్యాహ్నం లతీఫ్ మెట్ల మీదికి పరుగున వచ్చాడు.

"ఫోనొచ్చిందిరా! ఖమర్ సాబ్ పొద్దుమూకే యాళ్లకు దిగుతడట."

రఘుపతి గోడ గడియారం కేసి చూశాడు. సాయంత్రంలోగా ఆటను మిషన్‌లోంచి తుడిచేయాలి. తుడిచేముందు ఆ కొమ్ములవాణ్ణి ఒక్కసారి చంపాలి. మళ్లీ ఎక్కిన మెట్టుకు అయిదు పాయింట్లు వచ్చి ఉన్నాయి. అన్నీ బలంలో వేసి, నేరుగా గుహలోకి దూకడమే. అటో ఇటో తేలిపోతుంది. ఇంటికి పోకుంటే అమ్మ వెతుక్కుంటూ వస్తుందని, వెళ్లి రెండు ముద్దలు మింగి పరుగు పరుగున తిరిగొచ్చాడు.

యాదగిరి బల్ల మీంచి లేచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. కర్ర ఊతంతో రెండు మెట్లు దిగి ఆగాడు. కొడుకు మొహంలోకి చూడకుండానే గొంతు తగ్గించి అన్నాడు.

"గా కొమ్ములున్నోని గుహలకు ఇయ్యాల పోకు కొడుకా, అయిదు ఏసిన గని నీ పానం ఇంక జర తక్కువున్నది."